కర్మాగార గృహం, డీలరు, కొనుగోలుదారు: అమెరికాలో ఒక నమ్మకం చరిత్ర

భాగం 14

14.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని అధ్యయనం చేసిన తరువాత మీరు కింది అంశాలను వివరించగలుగుతారు.

• అమెరికాలో ఇల్లు కర్మాగారంలో తయారయ్యే వస్తువుగా మారిన క్రమం
• ఆ ఇంటి అమ్మకంలో డీలరుకు ప్రాధాన్యం రావడానికి గల కారణాలు
• 1974–76 మధ్య వచ్చిన చట్టాలు, వాటి ప్రయోజనాలు, పరిమితులు
• ఇంటిని, డీలరును పరిశీలించే పద్ధతులు చారిత్రక అనుభవం నుంచి రూపొందిన తీరు

14.1 ప్రస్తావన

పారిశ్రామిక విప్లవం తరువాత బట్ట, గడియారం, కుట్టుమిషను, మోటారు కారు ఒకదాని వెంట ఒకటి కర్మాగారంలోకి చేరాయని మీకు తెలుసు. ఇల్లు మాత్రం చాలాకాలం కర్మాగారం బయటే ఉండిపోయింది. ఇల్లు నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. దాన్ని మేస్త్రీ, వడ్రంగి ఆ స్థలంలోనే కట్టాలి. కట్టించుకునేవాడు రోజూ వెళ్లి గోడ ఎంతవరకు లేచిందో చూసుకుంటాడు. పని నచ్చకపోతే అక్కడే నిలదీస్తాడు.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికాలో ఈ పద్ధతికి భిన్నమైన మరో పద్ధతి వచ్చింది. ఇల్లు మొత్తాన్ని కర్మాగారంలో, శాశ్వతమైన ఉక్కు చట్రం మీద తయారుచేసి, ఒకటి లేదా అంతకంటే ఎక్కువ ముక్కలుగా రోడ్డు మీద లాక్కొనివచ్చి, స్థలంలో నిలబెడతారు. దీనినే నేడు మాన్యుఫాక్చర్డ్ హోమ్ అంటారు. ఈ పాఠంలో దీనిని కర్మాగార గృహం అని వ్యవహరిద్దాం.

ఈ ఇల్లు కొనేవారికి రెండు చిక్కులు ఎదురవుతాయి. మొదటిది, ఇల్లు చేతికి వచ్చేసరికి గోడలు మూసి ఉంటాయి. లోపల తీగలు ఎలా వేశారో, పైపులు ఎలా అతికారో కనిపించదు. కర్మాగారం ఎక్కడో ఉంటుంది. కొనుగోలుదారు ముఖాముఖి చూసే మనిషి డీలరు ఒక్కడే. రెండవది, చక్రాల మీద వచ్చిన ఈ ఇల్లు చట్టం దృష్టిలో చరాస్తా, స్థిరాస్తా అన్నది. ఈ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టే వడ్డీ, పన్ను, జప్తు పద్ధతి, చివరకు ఆ కుటుంబం ఆ ఇంట్లో నిలుస్తుందా లేదా అన్నది కూడా తేలుతుంది.

కాబట్టి కర్మాగార గృహ చరిత్రను యంత్రాల చరిత్రగా మాత్రమే చదివితే సరిపోదు. కొనేవాడు తాను స్వయంగా తనిఖీ చేయలేని వస్తువును ఎవరి మాట మీద కొనాలి అన్న ప్రశ్నకు ఒక సమాజం దశలవారీగా వెతుక్కున్న జవాబుల చరిత్రగా కూడా దాన్ని చదవాలి.

14.2 క్యాటలాగు ఇళ్లు: సంస్థ పేరే హామీ

మిషిగన్ రాష్ట్రంలోని బే సిటీలో 1906లో ప్రారంభమైన అల్లాడిన్ సంస్థ, ఇంటికి కావలసిన కలపను కొలతల ప్రకారం కోసి, ముక్కలకు సంఖ్యలు వేసి, రైల్లో పంపే వ్యాపారం మొదలుపెట్టింది. 1908లో సియర్స్ రోబక్ సంస్థ ఇదే రంగంలో దిగింది. అప్పటికే ఆ సంస్థ క్యాటలాగు పల్లెపల్లెకూ చేరి ఉంది. నాగలి, బూట్లు, పొయ్యి తెప్పించుకున్న రైతు అదే క్యాటలాగు చూసి ఇల్లు కూడా తెప్పించుకోవచ్చు. 1940 వరకు సియర్స్ సుమారు 70,000 పైచిలుకు ఇళ్లను అమ్మిందని అంచనా.

ఈ దశలో మనం గమనించవలసిన విషయాలు మూడు. ఇల్లు విడిభాగాలుగా వచ్చేది కనుక దాన్ని బిగించే వడ్రంగి పనిని కొనుగోలుదారు కళ్లారా చూసేవాడు. ఇల్లు అతని సొంత నేల మీద, పునాది మీద లేచేది కనుక అది మొదటి నుంచి స్థిరాస్తే. మధ్యలో డీలరు లేడు. సంస్థ పేరే హామీగా ఉండేది.

అయితే అప్పు విషయంలో ఈ హామీకి కూడా హద్దు ఉందని తేలింది. సియర్స్ ఇళ్లు అమ్మడమే కాక, వాటికి తనఖా రుణాలు కూడా ఇచ్చింది. 1930ల ఆర్థిక మాంద్యంలో వాయిదాలు కట్టలేకపోయిన తన ఖాతాదారుల ఇళ్లనే జప్తు చేయవలసి వచ్చింది. అమ్మేవాడు, అప్పిచ్చేవాడు ఒక్కడే అయినప్పుడు ఏం జరుగుతుందో చెప్పే తొలి ఉదాహరణ ఇది. ఈ సమస్య తరువాతి దశల్లో మరింత పెద్దదై మళ్లీ ఎదురవుతుంది.

14.3 ట్రైలరు నుంచి మొబైల్ హోమ్‌కు

నేటి కర్మాగార గృహానికి అసలు పూర్వరూపం క్యాటలాగు ఇల్లు కాదు, కారు వెనుక తగిలించే ట్రైలరు. 1920లలో కార్లు పెరిగి, కుటుంబాలు సెలవులకు రోడ్డు మీద బయలుదేరడం అలవాటైంది. డెట్రాయిట్ ప్రాంతానికి చెందిన ఆర్థర్ షెర్మన్ అనే సూక్ష్మజీవశాస్త్రవేత్త తన కుటుంబం కోసం తయారుచేసుకున్న ట్రైలరే కవర్డ్ వాగన్ కంపెనీకి దారి తీసింది. 1930ల మధ్య నాటికి ఆ కంపెనీ ట్రైలరు తయారీలో అగ్రస్థానానికి చేరింది. విహారం కోసం పుట్టిన ఈ బండిలో మాంద్యం కాలంలో పని వెతుక్కుంటూ తిరిగే కుటుంబాలు కాపురం పెట్టాయి.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ ధోరణిని బలపరచింది. మిషిగన్‌లోని విల్లో రన్ బాంబర్ విమానాల కర్మాగారం, టెనెసీలోని ఓక్ రిడ్జ్ అణు కేంద్రం వంటి చోట్లకు వేలాది కార్మికులు ఒక్కసారిగా చేరారు. వారికి వసతి కల్పించడానికి ఫెడరల్ ప్రభుత్వమే పెద్ద సంఖ్యలో ట్రైలర్లు కొన్నది. వాటిని తాత్కాలిక వసతిగానే భావించారు. కానీ యుద్ధం ముగిసి సైనికులు తిరిగివచ్చేసరికి ఇళ్ల కొరత తీవ్రమైంది, ట్రైలరు జీవితం కొనసాగింది.

కర్మాగారంలో అసలైన, శాశ్వతమైన ఇల్లు తయారుచేయాలన్న ప్రయత్నం కూడా ఈ కాలంలోనే జరిగింది. కార్ల్ స్ట్రాండ్లండ్ స్థాపించిన లస్ట్రాన్ సంస్థ ఒహాయో రాష్ట్రం కొలంబస్‌లోని ఒక పాత విమాన కర్మాగారంలో, పింగాణీ పూత పూసిన ఉక్కు పలకలతో ఇళ్లు తయారుచేసింది. దీనికి ప్రభుత్వ ఆర్థిక సంస్థ కోట్ల డాలర్ల రుణం ఇచ్చింది. వస్తువు గట్టిదే. ఆ ఇళ్లలో కొన్ని ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. అయినా సుమారు 2,500 ఇళ్లు తయారయ్యాక, 1950లో సంస్థ దివాళా తీసింది. డీలర్లు సరుకుకు ముందే డబ్బు కట్టవలసి రావడం, ఉక్కు ఇంటికి రుణం ఇవ్వడానికి బ్యాంకులు వెనుకాడడం, స్థానిక భవన నిబంధనలు అడ్డురావడం దాని పతనానికి కొన్ని కారణాలు. మంచి ఇల్లు తయారుచేస్తే చాలదనీ, దాన్ని అమ్మే, అప్పిచ్చే, అనుమతించే వ్యవస్థ కూడా ఉండాలనీ లస్ట్రాన్ అనుభవం చూపింది.

మన దేశంలో కూడా దాదాపు ఇదే సమయంలో ఇలాంటి ప్రయత్నం జరిగింది. విభజన అనంతరం శరణార్థుల వసతి కోసం భారత ప్రభుత్వం ఢిల్లీలో ముందుగా పోతపోసిన పలకలతో ఇళ్లు తయారుచేసే కర్మాగారాన్ని నెలకొల్పింది. అప్పటి గృహనిర్మాణ సంచాలకుడు ఓటో కోనిగ్స్‌బర్గర్ దీనికి రూపకర్త. పలకల నాణ్యతలో సమస్యలు తలెత్తి ఆ ప్రయత్నం అనుకున్న ఫలితం ఇవ్వలేదు. ఆ కర్మాగారమే తరువాత హిందుస్థాన్ హౌసింగ్ ఫ్యాక్టరీగా, హిందుస్థాన్ ప్రీఫ్యాబ్‌గా మారింది. మన అనుభవంలో ప్రభుత్వమే తయారీదారు. అమెరికాలో ఆ పాత్ర ప్రైవేటు తయారీదారుకు, డీలరుకు దక్కింది.

లస్ట్రాన్ విఫలమైన చోట ట్రైలరు గెలిచింది. 1950ల మధ్యలో విస్కాన్సిన్‌కు చెందిన ఎల్మర్ ఫ్రే పది అడుగుల వెడల్పు గల నమూనాను మార్కెట్లోకి తెచ్చాడు. అంతవరకు రహదారి నిబంధనల వల్ల ట్రైలరు వెడల్పు ఎనిమిది అడుగులకు మించేది కాదు. కేవలం రెండడుగుల తేడాయే అయినా ఫలితం పెద్దది. ఒక గది గుండా నడిచి మరో గదికి వెళ్లవలసిన అవసరం తప్పి, పక్కగా నడవ ఏర్పడింది. అదే సమయంలో సొంత కారుతో దీన్ని లాగడం కుదరకుండా పోయింది. ప్రత్యేక వాహనం వచ్చి ఒకసారి లాక్కొనిపోయి దింపితే, ఇక చాలా ఇళ్లు అక్కడే ఉండిపోయేవి. పేరు మొబైల్ హోమ్, అంటే కదిలే ఇల్లు. వాస్తవంలో అది కదలని ఇల్లు అయింది. చట్టం మాత్రం దాన్ని బండిగానే చూస్తూ వచ్చింది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. క్యాటలాగు ఇంటికి, ట్రైలరుకు గల తేడాలను ఆస్తి స్వభావం దృష్ట్యా తెలపండి.
2. లస్ట్రాన్ వైఫల్యానికి దారితీసిన కారణాలు ఏవి?

14.4 డీలరు లాటు: కారులా అమ్ముడైన ఇల్లు

1968 గృహనిర్మాణ చట్టం పదేళ్లలో 2.6 కోట్ల ఇళ్లు నిర్మించాలని లక్ష్యం పెట్టుకుంది. మొబైల్ హోమ్ చౌక ఇల్లు కనుక ప్రభుత్వం దాన్ని కూడా లెక్కలోకి తీసుకోసాగింది. 1969 నుంచి ఫెడరల్ రుణ బీమా దీనికి వర్తించింది. 1972లో కర్మాగారాల నుంచి సుమారు 5,75,000 మొబైల్ హోమ్‌లు బయటికి వెళ్లాయి. ఆ ఏడాది ఒక కుటుంబం నివసించే కొత్త ఇళ్లలో ఇవి సుమారు 30 శాతం. పరిశ్రమ చరిత్రలో ఇంతకు మించిన అమ్మకాలు మళ్లీ రాలేదు.

ఈ ఇళ్లన్నీ ఎలా అమ్ముడయ్యేవో చూద్దాం. హైవే పక్కన డీలరు లాటు ఉంటుంది. అందులో నమూనా ఇళ్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. సోఫా, కర్టెన్లు, ఫ్రిజ్ అన్నీ లోపలే ఉంటాయి. ఆ సరుకు డీలరు సొంతం కాదు. దాన్ని నిలవ ఉంచడానికి అతను ఒక ఆర్థిక సంస్థ వద్ద అప్పు తెచ్చి ఉంటాడు. నెల గడిచేకొద్దీ వడ్డీ పెరుగుతుంది కనుక త్వరగా అమ్మాలన్న ఒత్తిడి అతనిపై ఉంటుంది. కొనుగోలుదారుకు అప్పు ఇప్పించేది కూడా డీలరే. తాను కుదిర్చిన రుణంపై ఆర్థిక సంస్థ నుంచి అతనికి వాటా వచ్చే ఏర్పాటు ఉండేది. అంటే వడ్డీ ఎక్కువైన కొద్దీ డీలరుకు లాభం. సామాను ధర, బీమా ప్రీమియం, రవాణా ఖర్చు అన్నీ ఒకే మొత్తంలో కలిపి అప్పు పత్రం రాస్తే, ఏది ఎంతో కొనుగోలుదారుకు తెలిసేది కాదు.

అసలు చిక్కు ఇంటికి లోపం బయటపడినప్పుడు వచ్చేది. పైకప్పు కారితే డీలరు తయారీదారును చూపించేవాడు. రవాణాలో కుదుపుల వల్ల కారుతోందని తయారీదారు అనేవాడు. సరిగా నిలబెట్టలేదని మరొకరు అనేవారు. అప్పటికే డీలరు ఆ అప్పు పత్రాన్ని ఆర్థిక సంస్థకు అమ్మేసి ఉండేవాడు. లోపం సంగతి తెలియకుండా, సద్భావంతో పత్రాన్ని కొన్నవాడికి ఇంటి లోపంతో సంబంధం లేదనీ, అతనికి వాయిదాలు కట్టి తీరాలనీ నాటి వాణిజ్య చట్టం చెప్పేది. ఇల్లు కారుతున్నా వాయిదా ఆగదు. వాయిదా ఆగితే, చట్టం దృష్టిలో అది చరాస్తి కనుక, కారును తీసుకుపోయినంత సులువుగా ఇంటిని తీసుకుపోవచ్చు.

భద్రత విషయంలో కూడా పరిస్థితి ఆందోళనకరంగానే ఉండేది. 1963లో పరిశ్రమ ఒక ప్రమాణాన్ని రూపొందించుకుంది. అనేక రాష్ట్రాలు దాన్ని స్వీకరించాయి. కానీ అమలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో తీరుగా ఉండేది. త్వరగా అంటుకునే లోపలి పలకలు, సరిగా బిగించని తీగలు, బయటికి రావడానికి వీలులేని పడకగది కిటికీలు అగ్నిప్రమాదాలను ప్రాణాంతకం చేసేవి. నేలకు బలంగా కట్టని ఇళ్లు పెనుగాలులకు తలకిందులయ్యేవి. కార్ల భద్రత కోసం రాల్ఫ్ నాడర్ ప్రోత్సాహంతో ఏర్పడిన ఒక సంస్థ 1975లో మొబైల్ హోమ్‌లపై తీవ్ర విమర్శతో పుస్తకం ప్రచురించింది. ఇంటి లోపాలను ఎత్తిచూపడానికి కార్ల భద్రతా సంస్థ పూనుకోవడం, ఆ ఇంటిని సమాజం ఏ కోవలో ఉంచిందో తెలుపుతుంది.

14.5 1974–76: రేకు, నియమం

ఈ నేపథ్యంలోనే మూడేళ్ల వ్యవధిలో మూడు ముఖ్యమైన చర్యలు వచ్చాయి.

మొదటిది, 1974 ఆగస్టులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకం చేసిన మొబైల్ హోమ్‌ల నిర్మాణ, భద్రతా ప్రమాణాల చట్టం. దీని కింద ఫెడరల్ గృహనిర్మాణ, పట్టణాభివృద్ధి శాఖ దేశమంతటికీ వర్తించే నిర్మాణ నియమావళిని రూపొందించింది. దాన్ని ఆ శాఖ పేరుతో హడ్ కోడ్ అంటారు. అది 1976 జూన్ 15న అమల్లోకి వచ్చింది. పొగను పసిగట్టే పరికరాలు, రెండు బయటి తలుపులు, పడకగదుల్లో తప్పించుకునే కిటికీలు, మంటలు త్వరగా పాకని పలకలు తప్పనిసరి అయ్యాయి. నమూనా పటాన్ని ఆమోదించడానికి, కర్మాగారంలో పనిని తనిఖీ చేయడానికి గుర్తింపు పొందిన సంస్థలు ఏర్పడ్డాయి. నియమాల ప్రకారం తయారైన ప్రతి ముక్కకూ బయటి గోడపై ఒక ఎర్రని లోహపు రేకు బిగిస్తారు.

రెండవది, 1975 జనవరిలో వచ్చిన మాగ్నూసన్–మాస్ వారంటీ చట్టం. రాతపూర్వకంగా ఇచ్చే వారంటీలో ఏది వర్తిస్తుందో, ఏది వర్తించదో స్పష్టమైన భాషలో తెలపాలని ఇది నిర్దేశించింది.

మూడవది, ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించిన నియమం. ఇది 1976 మే 14న అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం అమ్మకందారు రాయించుకున్న అప్పు పత్రాన్ని ఎవరు కొన్నా, అమ్మకందారుపై కొనుగోలుదారుకు ఉన్న ఫిర్యాదులు వారికీ వర్తిస్తాయి. ఇల్లు లోపభూయిష్టమైతే ఆర్థిక సంస్థ తనకు సంబంధం లేదని తప్పించుకోలేదు. దీని పరోక్ష ఫలితాన్ని కూడా మీరు గమనించాలి. నాసిరకం డీలరు పత్రాలు కొంటే నష్టం తమకే కనుక, డీలరు మంచివాడా కాదా అని చూడవలసిన అవసరం ఆర్థిక సంస్థలకు ఏర్పడింది.

మే 14కు, జూన్ 15కు మధ్య నెల రోజుల తేడా మాత్రమే ఉంది. ఒక నియమం గోడ లోపలి సంగతి చూసింది, మరొకటి కాగితం లోపలి సంగతి చూసింది. 1980లో కాంగ్రెస్ చట్టంలో మొబైల్ హోమ్ అన్న మాటను తీసివేసి మాన్యుఫాక్చర్డ్ హోమ్ అన్న మాటను చేర్చింది. అదే ఏడాది జూలై నుంచి కాలిఫోర్నియాలో కొత్తగా అమ్ముడయ్యే ఇలాంటి ఇళ్లకు వాహన రుసుముకు బదులు స్థానిక ఆస్తి పన్ను విధించసాగారు. బండి నెమ్మదిగా ఇల్లు అనిపించుకోసాగింది.

అయినా పరిమితులు మిగిలాయి. కర్మాగారంలో తనిఖీ చేసే సంస్థకు రుసుము చెల్లించేది తయారీదారే అన్న విమర్శ ఉంది. ఎర్ర రేకు కర్మాగారం గేటు వరకే హామీ ఇచ్చింది. గేటు దాటాక రవాణా, పునాది, నిలబెట్టడం, నేలకు కట్టడం దాని పరిధిలో లేవు. 1992 ఆగస్టులో ఆండ్రూ తుపాను దక్షిణ ఫ్లోరిడాలో వేలాది మొబైల్ హోమ్‌లను నేలమట్టం చేసిన తరువాత, 1994లో గాలి ప్రమాణాలను కఠినతరం చేశారు. దేశాన్ని మూడు గాలి మండలాలుగా చూపి, రెండవ మండలానికి గంటకు 100 మైళ్లు, మూడవ మండలానికి 110 మైళ్ల వేగాన్ని తట్టుకునేలా రూపకల్పన ఉండాలన్నారు. నిలబెట్టే పనికి కనీస ప్రమాణాలు, లోపానికి బాధ్యత ఎవరిదన్న విషయంలో తయారీదారు–డీలరు–నిలబెట్టేవారి మధ్య వివాద పరిష్కార విధానం 2000 నాటి చట్టం ద్వారా వచ్చాయి. ఇల్లు తొలిసారి నిలబెట్టిన ఏడాదిలోగా లోపాన్ని తెలియజేస్తే ఈ పరిష్కార విధానం ఉపయోగపడుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. అప్పు పత్రాన్ని డీలరు అమ్మేయడం వల్ల 1976కు ముందు కొనుగోలుదారుకు కలిగిన నష్టం ఏమిటి?
2. ఎర్ర రేకు దేనికి హామీ ఇస్తుంది? దేనికి ఇవ్వదు?

14.6 1990ల విజృంభణ, పతనం

ఇల్లు మెరుగుపడింది. అప్పు మాత్రం పాత పద్ధతిలోనే నడిచింది. 1990లలో గ్రీన్ ట్రీ వంటి ఆర్థిక సంస్థలు ముప్పై ఏళ్ల గడువుతో చరాస్తి రుణాలు విరివిగా ఇచ్చాయి. ఆ రుణాలను మూటకట్టి పెట్టుబడిదారులకు అమ్మాయి. అప్పిచ్చినవాడే దాన్ని వెంటనే అమ్మేస్తాడు కనుక, తీసుకున్నవాడు తీర్చగలడా అన్న పరిశీలన సన్నగిల్లింది. 1998లో కర్మాగారాల నుంచి వెళ్లిన ఇళ్ల సంఖ్య 3,70,000 దాటింది. అదే ఏడాది కాన్సికో సంస్థ 600 కోట్ల డాలర్లకు పైగా వెచ్చించి గ్రీన్ ట్రీని కొన్నది.

తరువాత వాయిదాలు ఆగిపోవడం మొదలైంది. జప్తు చేసిన ఇళ్లు తిరిగి మార్కెట్లోకి వచ్చి కొత్త ఇళ్ల ధరలను దెబ్బతీశాయి. 2002 చివర్లో ఓక్‌వుడ్ హోమ్స్, కాన్సికో రెండూ దివాళా తీశాయి. మరుసటి ఏడాది వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్ హాథవే, క్లేటన్ హోమ్స్‌ను సుమారు 170 కోట్ల డాలర్లకు కొన్నది. 2009 నాటికి ఏటా తయారయ్యే ఇళ్లు 50,000 లోపుకు పడిపోయాయి. 2021 నాటికి గాని ఆ సంఖ్య మళ్లీ లక్ష దాటలేదు. 2007–08లో అమెరికా గృహరుణ సంక్షోభం గురించి మీరు చదివే ఉంటారు. దాని లక్షణాలు చాలావరకు కొన్నేళ్ల ముందే ఈ చిన్న మార్కెట్లో కనిపించాయి.

న్యాయస్థానాల్లో సైతం ఒక ముఖ్యమైన మలుపు వచ్చింది. ఒప్పంద పత్రాల్లో, వివాదం వస్తే కోర్టుకు వెళ్లకుండా మధ్యవర్తి తీర్పుకు కట్టుబడాలన్న షరతు సాధారణమైంది. అలబామాలో మొబైల్ హోమ్ కొన్న ఒక మహిళ వేసిన కేసులో, మధ్యవర్తిత్వ ఖర్చు ఎవరు భరించాలో పత్రంలో లేనంత మాత్రాన ఆ షరతు చెల్లకుండా పోదని 2000 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. సంతకానికి ముందు పత్రాన్ని చదవడం ఎంత అవసరమో ఈ తీర్పు తెలుపుతుంది.

14.7 నేల ఎవరిది?

ఇల్లు కొన్నంత మాత్రాన దాన్ని ఎక్కడ పెట్టాలన్న సమస్య తీరదు. ట్రైలర్లు ఊరి విలువను తగ్గిస్తాయన్న భావనతో అనేక పట్టణాలు వాటిని నిషేధించాయి. 1962లో న్యూజెర్సీ అత్యున్నత న్యాయస్థానం ఒక టౌన్‌షిప్ విధించిన అలాంటి నిషేధాన్ని సమర్థించింది. న్యాయమూర్తి ఫ్రెడరిక్ హాల్ దానితో విభేదించారు. 1981లో మిషిగన్ అత్యున్నత న్యాయస్థానం, పార్కుల వెలుపల మొబైల్ హోమ్‌లను గంపగుత్తగా నిషేధించడం చెల్లదని తీర్పు చెప్పింది. ప్రమాణాల ప్రకారం కట్టిన ఇంటిని కేవలం దాని పుట్టుకను బట్టి వెలివేయరాదన్న వాదనకు 1976 నాటి నియమావళి బలం ఇచ్చింది.

సొంత నేల లేనివారు పార్కులో స్థలం అద్దెకు తీసుకొని ఇల్లు పెట్టుకుంటారు. ఇల్లు తమది, నేల మరొకరిది. అద్దె పెరిగితే ఇంటిని లాక్కొని వెళ్లడానికి వేల డాలర్లు కావాలి, చాలా పాత ఇళ్లు ప్రయాణాన్ని తట్టుకోవు. అందుచేత ఆ ఇంటి యజమాని ఆచరణలో అద్దెదారే. దీనికి ప్రత్యామ్నాయంగా 1984లో న్యూహాంప్‌షైర్‌లోని మెరెడిత్‌లో నివాసులే సహకార సంఘంగా ఏర్పడి తమ పార్కును కొనుక్కున్నారు. ఆ నమూనా తరువాత ఇతర రాష్ట్రాలకు వ్యాపించింది.

14.8 చరిత్ర నేర్పిన పరిశీలన

ఇంతవరకు చదివిన ప్రతి దశా, నేటి కొనుగోలుదారు అడగవలసిన ఒక ప్రశ్నను మిగిల్చి వెళ్లింది. మీరే అమెరికాలో ఉన్న ఒక బంధువుకు సలహా ఇవ్వవలసి వచ్చిందనుకోండి. కింది క్రమంలో చెప్పవచ్చు.

ఇంటి విషయంలో: ప్రతి ముక్కపై ఎర్ర రేకు ఉందో లేదో చూడాలి. రేకు పోతే కొత్తది ఇవ్వరు, దాని సంఖ్యను ధ్రువీకరించే లేఖ మాత్రం పొందవచ్చు. 1976 జూన్ 15కు ముందు తయారైన ఇంటికి రేకు ఉండదు. అలాంటి ఇంటికి రుణం, బీమా దొరకడం కష్టం. వంటగది అలమరాలో, కరెంటు పెట్టె దగ్గర లేదా పడకగది అలమరాలో అంటించి ఉండే వివరాల పత్రం చదవాలి. ఆ ఇల్లు ఏ గాలి మండలానికి, ఎంత మంచు బరువుకు, ఏ వాతావరణానికి తయారైందో అందులో ఉంటుంది. రెండవ లేదా మూడవ మండలంలో పెట్టే ఇంటికి మొదటి మండలం ఇల్లు ఎంత చౌకగా వచ్చినా పనికిరాదు. మాడ్యులర్ ఇల్లు అని అమ్మితే, అది వేరే కోవ అని గుర్తించాలి. దానికి స్థానిక, రాష్ట్ర భవన నిబంధనలు వర్తిస్తాయి, ఎర్ర రేకు ఉండదు.

డీలరు విషయంలో: అతనికి రాష్ట్ర లైసెన్సు ఉందా, అతనిపై వచ్చిన ఫిర్యాదులు ఏమిటి అన్నది లైసెన్సు ఇచ్చే శాఖనే అడగాలి. ఇంటి ధర, రవాణా, నిలబెట్టడం, నీరు–కరెంటు కలపడం, మెట్లు, చుట్టూ అడుగు గోడ, బీమా ఒక్కొక్కటి విడివిడిగా రాసి ఇమ్మనాలి. విడగొట్టి రాయడానికి ఇష్టపడని డీలరును వదులుకోవడమే మేలు. ఇంటిని నిలబెట్టేది ఎవరో, వారికి అనుమతి ఉందో లేదో ఒప్పందంలోనే ఉండాలి. బయానా ఏ పరిస్థితుల్లో తిరిగి ఇస్తారో కూడా రాతలో ఉండాలి. కొత్తగా కొన్నవారిని కాక, రెండు మూడేళ్ల క్రితం అతని వద్ద కొన్నవారిని కలవాలి. అమ్మేనాటి మర్యాద అందరి దగ్గరా ఉంటుంది. తలుపు పట్టేసినప్పుడు, పైకప్పు కారినప్పుడు ఎన్నాళ్లకు వచ్చాడో వారే చెప్పగలరు.

అప్పు విషయంలో: డీలరు చూపించిన రుణం ఒక్కటే చూసి సంతకం చేయరాదు. సొంత నేల ఉంటే, ఇంటిని శాశ్వత పునాదిపై పెట్టి స్థిరాస్తిగా నమోదు చేయించి, తనఖా రుణం పొందే వీలుందా అని బ్యాంకును అడగాలి. చరాస్తి రుణం త్వరగా దొరుకుతుంది, తొలి ఖర్చు తక్కువ. కానీ సాధారణంగా వడ్డీ ఎక్కువ, తనఖా రుణగ్రహీతలకు ఉండే కొన్ని చట్టపరమైన రక్షణలు దీనికి వర్తించవు. నెల వాయిదాను మాత్రమే కాక, గడువు ముగిసేసరికి కట్టే మొత్తాన్ని కూడా లెక్కించాలి. ఖాళీలు వదిలిన పత్రంపై సంతకం చేయరాదు. మధ్యవర్తిత్వ షరతు ఉందేమో వెతకాలి.

కొన్న తరువాత: లోపాలను నోటిమాటగా కాక, తేదీ వేసి రాతపూర్వకంగా డీలరుకు, తయారీదారుకు తెలియజేసి, నకలు దాచుకోవాలి. ఏడాది గడువు అయిపోకముందే ఆ పని జరగాలి.

14.9 సారాంశం

అమెరికాలో కర్మాగార గృహం క్యాటలాగు ఇంటి వారసురాలు కాదు, ట్రైలరు వారసురాలు. అందువల్ల అది కారులా అమ్ముడైంది, కారులా అప్పుకు తాకట్టయింది, కారులా జప్తయింది. 1974–76 మధ్య చట్టాలు ఇంటి నిర్మాణానికి ప్రమాణాన్ని, కొనుగోలుదారు ఫిర్యాదుకు విలువను ఇచ్చాయి. 1994, 2000 సంవత్సరాల మార్పులు గాలిని, నిలబెట్టే పనిని పరిధిలోకి తెచ్చాయి. రుణం, నేల అన్న రెండు అంశాల్లో మాత్రం రక్షణ ఇంకా అసంపూర్ణంగానే ఉంది. చట్టం డీలరు అవసరాన్ని తీసివేయలేదు. మంచి డీలరును చెడ్డ డీలరు నుంచి వేరుచేసి చూడడానికి కావలసిన కాగితాలను కొనుగోలుదారు చేతికి ఇచ్చింది. వాటిని అడిగి తీసుకొని చదవవలసింది కొనుగోలుదారే.

14.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ట్రైలరు నుంచి మాన్యుఫాక్చర్డ్ హోమ్ వరకు జరిగిన పరిణామాన్ని వివరించండి.
2. 1974–76 మధ్య వచ్చిన వినియోగదారుల రక్షణ చర్యలను, వాటి పరిమితులను చర్చించండి.

ఆ) కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. చరాస్తి రుణం, తనఖా రుణం మధ్య తేడాలు
2. 1990ల విజృంభణ, పతనం
3. మెరెడిత్ సహకార ప్రయోగం ప్రాముఖ్యం

ఇ) అభ్యాసం: మీ ప్రాంతంలో ఇటీవల ఇల్లు లేదా ఫ్లాటు కొన్న ఒక కుటుంబాన్ని కలవండి. సంతకానికి ముందు వారు చూసిన పత్రాలు ఏవో, కేవలం మాట మీద నమ్మినవి ఏవో రెండు పట్టికలుగా రాసి, సంప్రదింపు తరగతిలో చర్చించండి.